దబీర్‌పురా దర్వాజా దాటిన మీటియర్

ఒకప్పటి హైదరాబాద్ నగర ప్రాకారానికి ఉన్న ద్వారాల్లో నేటికీ నిలిచినవి రెండే: ఒకటి పురానాపూల్ దగ్గరిది, రెండోది దబీర్‌పురా దర్వాజా. పాత బుల్లెట్ ఈ రాతి కమాను కింద నుంచి పోతే గల్లీ మొత్తానికి కబురందుతుంది. శ్రీశైలానికి నేనెక్కిన, అదే కంపెనీ మీటియర్ 350 మాత్రం గొణుక్కుంటూ దాటేసింది. బాగుచేసే పేరుతో ఇంజినీర్లు బండి ప్రాణం తీసేశారని బుల్లెట్ అభిమానుల ఫిర్యాదు. ఫిర్యాదు చేయాల్సిన సంగతి ఒకటుంది కానీ, అది ఇది కాదని నా వాదన.

చాంద్రాయణగుట్ట, తుక్కుగూడ దాటి రోడ్డు విశాలమయ్యాక తేడా చేతులకే తెలుస్తుంది. పాత బుల్లెట్ 80 దాటితే అద్దంలో వెనక బండి లారీయో బస్సో పోల్చుకోవడం కష్టం. ఒకే సిలిండరున్న ఇంజన్‌లో పిస్టన్ పైకీ కిందికీ పోతుంటే పుట్టే కుదుపును క్రాంక్‌కు తగిలించిన బరువు పూర్తిగా కొట్టెయ్యలేదు. అందుకే 2020లో వచ్చిన మీటియర్ ఇంజన్‌లో క్రాంక్‌కు ఎదురుగా తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. ఇది రాత్రికి రాత్రి జరగలేదు. 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్‌లో ఇంజన్, గేర్‌బాక్స్ వేర్వేరు. 2002లో క్రూయిజర్ వాటంతో థండర్‌బర్డ్ వచ్చింది. 2008లో అదే బండికి ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే పెట్టెలో ఇమిడాయి. మీటియర్ ఆ థండర్‌బర్డ్ వారసురాలే.

కుదుపు పోతే బుల్లెట్ గుణం పోయినట్టేగా అంటారు. కల్వకుర్తి దాటి డిండి వైపు పోతూ టాప్ గేర్‌లోనే నెమ్మదించి మళ్లీ యాక్సిలరేటర్ తిప్పితే, గేరు మార్చమని బండి గోల చెయ్యదు. ఆ గుణం కుదుపులోంచి రాలేదు, పొడవైన స్ట్రోక్ లోంచి వచ్చింది. పాత ఇంజన్‌లో సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90. కొత్తదాంట్లో 72, 85.8. దాదాపు ఇదే సైజులో రెట్టింపు హార్స్‌పవర్ ఇచ్చే ఇంజన్లు బజారులో ఉండగా, మీటియర్ ఇంజినీర్లు 20.2 దగ్గర ఆగి, 27 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 4000 ఆర్‌పీఎమ్‌కే అందేలా చూశారు. చేతకాక కాదు, కావాలనే.

అసలు నష్టం మన్ననూర్ చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక తెలుస్తుంది. పాత బుల్లెట్ స్టార్ట్ చెయ్యడమే ఒక విద్య: డీకంప్రెషన్ లివర్ నొక్కి, అమ్మీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్ మెల్లగా తొక్కి, ఆపైన ఒక్క తన్ను. గురి తప్పితే కిక్ రాడ్ పిక్క మీద తిరగబడుతుంది. అయితే చెడినా మందు చేతిలోనే ఉండేది. ప్లాటినం పాయింట్లు గరుకు కాగితంతో రుద్దడం, కార్బురేటర్ జెట్ ఊదడం రోడ్డు పక్క ఏ ఉస్తాద్‌కైనా వచ్చు. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి సెన్సర్ మొరాయిస్తే కంప్యూటర్ తగిలించాలి. అది గల్లీ షెడ్డులన్నిటిలో ఉండదు, అడవిలో సరేసరి. కొత్తది చెడేది తక్కువ అన్న జవాబు నిజమే, నేనూ ఒప్పుకుంటాను. కానీ బాగుచేసే అధికారం మిస్త్రీ చేతిలోంచి సర్వీస్ సెంటర్‌కు జారిపోవడం దాంతో పూడే లోటు కాదు. బతుకుతెరువు పోగొట్టుకునేవాడు బండి యజమాని కాదు కదా. ప్రాణం పోయిందనేవాళ్లు ఇంజన్ శబ్దం గురించి మాట్లాడినంతగా ఈ సంగతి మాట్లాడరు.

దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో మూడో గేర్‌లో ఇంజన్ బిగపట్టి ఉంచుతుంది, డిస్క్ బ్రేకు, ఏబీఎస్ మిగతాది చూసుకుంటాయి. పాత బండ్లకు ఇక్కడ డ్రమ్ బ్రేకు వేడెక్కి పట్టు వదిలేది. దానికోసం బెంగపడ్డ అభిమాని మాత్రం నాకింతవరకు తారసపడలేదు.