చక్రాల స్టీమరూ, నాయన పుట్టీ

మా పాప కలకత్తా నుంచి ఒక ఫోటో పంపింది. హుగ్లీ నదిలో, పక్కలకు పెద్ద చక్రాలున్న స్టీమర్. పేరు పి.ఎస్. భోపాల్. 1944లో స్కాట్లాండులోని డంబార్టన్‌లో విలియం డెన్నీ వాళ్లు కట్టారు. లోతు లేని నదిలో అడుగున పంకా ఉంటే ఇసుకకు తగులుతుంది కదా, అందుకే చక్రాలకు తెడ్లలాంటి పలకలు బిగించి నీళ్లను వెనక్కి తోయిస్తారు. పాతబడిపోయినదాన్ని తుక్కుకు వేయకుండా కలకత్తా పోర్టు వాళ్లు లీజుకిచ్చి బాగు చేయించారు. ఇప్పుడు దాని పేరు బెంగాల్ పాడిల్.

ఆదోని, ఎమ్మిగనూరు వాళ్లకు స్టీమర్ల సంగతి ఎందుకూ అంటారేమో. సుంకేసుల నుంచి కడప దాకా పోయే మన కె.సి. కెనాల్‌ను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది పైర్లకే కాదు, పడవలకు కూడా. లాకులు సైతం కట్టారు. కంపెనీకి గిట్టలేదు, 1882లో సర్కారు కొనేసింది. 1933లో పడవలు ఆగిపోయాయి. ఇప్పుడు అక్కడ పడవలు తిరిగేవంటే పిల్లలు నవ్వుతారు.

మాకు మిగిలింది పుట్టి. మా పుట్టింటి ఊరు తుంగభద్ర గట్టున. నాయన పుట్టిలో జనాన్ని అవతల ఐజ వైపుకు దాటించేవాడు. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట అది. తాత కాలంలో తోలు కప్పేవారు, నాయన కాలానికి టార్పాలిన్ వచ్చింది, పైన తారు. ఏటా ఏదో ఒకటి మార్చాల్సిందే. అలవాటు లేనివాడు తెడ్డేస్తే ముందుకు పోదు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది!

నాయన పోయి ఆరేళ్లు. పుట్టి కొట్టంలో బోర్లా పడి ఉంది. తమ్ముడు కొట్టం తీసేసి రూము వేస్తానంటున్నాడు, పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, వాడిదీ న్యాయమే. అమ్మ మాత్రం "నేను పోయినాక కాల్చుకోండి" అని అన్నం మానేసి కూర్చుంది.

అమ్మకు ఆ స్టీమర్ ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "అంత పెద్దదానికి వాళ్లకు తావు దొరికింది. మన పుట్టికి లేదా పాపా?" అంది.

తమ్ముడికి ఫోన్ చేసి, రూము వేసుకో, పుట్టి బాగుచేయించే ఖర్చు నాది అన్నాను. "అల్లేవాళ్లు ఎవరున్నారక్కా?" అన్నాడు. విచారిస్తే పక్క ఊళ్లో ఒక పెద్దాయన ఉన్నాడని తెలిసింది. చూపు ఆనదట, చేత్తో తడిమే ఏ బద్ద పోయిందో చెప్తాడట. ఆదివారం అమ్మను తీసుకుని పోతున్నాను.