మచ్చ వేరు, పచ్చబొట్టు వేరు



మన గ్రూపులో డిగ్రీ చదువుకుంటూ సెలవుల్లో, పెళ్లిళ్ల సీజన్‌లో ఫోటో స్టూడియోల్లో, ఆల్బమ్ డిజైనింగ్ సెంటర్లలో పని చేసేటోళ్లు చాలామందే ఉన్నారు. మేము ముగ్గురం కూడా ఆ పనే చేస్తున్నం. ఇద్దరం గోండు, ఒకరం కొలాం. తమ్ముళ్లు, చెల్లెళ్లు మెసేజ్ పెట్టి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "అన్నా, స్కిన్ స్మూత్‌గా రావాలంటే ఫ్రీక్వెన్సీ సెపరేషన్ ఎట్ల చేయాలె?" ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఒక్కసారే ఇక్కడ రాస్తున్నం. పోస్టు పొడుగుంటది, ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట. ఫ్రీక్వెన్సీ సెపరేషన్ స్కిన్‌ని స్మూత్ చేసే పద్ధతి కాదు. స్కిన్‌ని స్కిన్ లెక్కనే ఉంచి, దాని మీద పనికిరానిది మాత్రమే తీసే పద్ధతి. యూట్యూబ్‌లో రెండు నిమిషాల వీడియో చూసి యాక్షన్ బటన్ నొక్కేటోళ్లకు ఈ తేడా తెలియకనే ముఖాలు ప్లాస్టిక్ బొమ్మల్లాగ తయారైతున్నయి.

మన ఇండ్ల మట్టిగోడను గుర్తు తెచ్చుకోండి. గోడ మీద రెండు సంగతులు కనిపిస్తయి. ఒకటి, అలికినప్పుడు పడిన వేళ్ల గీతలు, మట్టి గరుకుదనం. రెండోది, పొద్దున ఒక పక్క ఎండ, ఇంకో పక్క నీడ, వాన తడికి ఒక దగ్గర ముదురు, ఎండిన దగ్గర లేత రంగు. మొదటిది టెక్స్చర్, రెండోది టోన్. ముఖం కూడా అంతే. చర్మ రంధ్రాలు, సన్న ముడతలు, వెంట్రుకలు, మొటిమ అంచు, ఇవన్నీ కొద్ది పిక్సెళ్లలోనే మారిపోతయి. వీటిని హై ఫ్రీక్వెన్సీ అంటరు. బుగ్గ మీద వెలుగు, గదవ కింద నీడ, కండ్ల కింద నలుపు మెల్లగా మారుతయి. అది లో ఫ్రీక్వెన్సీ. ఈ రెండింటిని రెండు లేయర్లుగా విడగొడితే ఒకదాన్ని సరిచేసేటప్పుడు రెండోది చెడదు. ఉపాయం మొత్తం ఇంతే.

ఫోటోషాప్‌లో చేసే తీరు ఇది. అసలు ఫోటోను రెండు కాపీలు చేయండి. కింది కాపీకి 'లో' అని, మీది కాపీకి 'హై' అని పేరు పెట్టండి. 'హై'ని కాసేపు దాచి, 'లో' మీద గాసియన్ బ్లర్ వేయండి. తర్వాత 'హై'ని తెరిచి ఇమేజ్ మెనూలో అప్లై ఇమేజ్‌కి పోయి, లేయర్ దగ్గర 'లో'ని ఎంచుకోండి. ఫైల్ 8 బిట్ అయితే బ్లెండింగ్ సబ్‌ట్రాక్ట్, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 128. ఫైల్ 16 బిట్ అయితే బ్లెండింగ్ యాడ్, ఇన్వర్ట్ టిక్ పెట్టి, స్కేల్ 2, ఆఫ్‌సెట్ 0. ఇప్పుడు 'హై' లేయర్ బూడిద రంగు మీద చెక్కిన బొమ్మ లెక్క కనిపిస్తది. దాని బ్లెండ్ మోడ్‌ని లీనియర్ లైట్‌కి మార్చండి. ఫోటో మళ్లీ ముందు ఉన్నట్టే అయిపోవాలె. రెండు లేయర్లను ఒక గ్రూపులో పెట్టి ఆన్, ఆఫ్ చేసి చూడండి. కంటికి తేడా కనిపిస్తే ఎక్కడో ఒక నంబర్ తప్పు పడ్డట్టు. అది సరయ్యేదాకా ముందుకు పోవద్దు.

ఫోటోషాప్ లేనోళ్లు బాధపడొద్దు. గింప్ ఉచితం. 2.10 వెర్షన్ నుంచి అందులో వేవ్‌లెట్ డీకంపోజ్ అనే ఫిల్టర్ ఉంది. అది ఫోటోను రెండుగా కాదు, ఐదారు పొరలుగా సన్నం నుంచి లావు దాకా విడగొడతది. లైబ్రరీ కంప్యూటర్‌లో నేర్చుకోవడానికి అది చాలు.

ఇక అసలు తెలివి అంతా బ్లర్ రేడియస్‌లో ఉంది. "ఎంత పెట్టాలె అన్నా?" అంటే ఒక్క నంబర్ చెప్పలేం. ఫోటోలో ముఖం ఎంత పెద్దగ ఉంది అన్నదాన్ని బట్టి ఉంటది. ముఖం ఒక్కటే రెండు వేల పిక్సెళ్ల ఎత్తు ఉంటే మేము 8 నుంచి 12 మధ్య చూస్తం. పెళ్లి గ్రూపు ఫోటోలో ముఖం మూడు వందల పిక్సెళ్లే ఉంటే 2, 3 చాలు. గుర్తు ఏందంటే, స్లైడర్ జరుపుకుంటూ పోతే చర్మ రంధ్రాలు మాయం కావాలె, కానీ ముక్కు, కన్ను, పెదవి ఆకారం ఇంకా తెలియాలె. రేడియస్ మరీ ఎక్కువ పెడితే నీడలు కూడా 'హై'లోకి ఎక్కుతయి, హీలింగ్ చేసిన చోటల్లా మరకలు పడతయి. మరీ తక్కువ పెడితే టెక్స్చర్ 'లో'లోనే ఉండిపోతది, విడగొట్టిన ఫలితమే ఉండది.

'హై' లేయర్ మీద హీలింగ్ బ్రష్ లేదా క్లోన్ స్టాంప్‌తో పని చేయాలె. శాంపుల్ దగ్గర 'కరెంట్ లేయర్' అనే ఉండాలె. మొటిమ తీస్తుంటే దాని పక్కనున్న చర్మాన్నే తీసుకోవాలె. నుదురు చర్మం తెచ్చి బుగ్గకు అతికితే అందరికీ తెలిసిపోతది, ఎందుకంటే రంధ్రాల సైజు, వెంట్రుకల దిక్కు వేరు. 'లో' లేయర్ మీద లాసోతో చిన్న ముక్క ఎంచుకుని, ఫెదర్ 15 నుంచి 25 ఇచ్చి, కొద్దిగా గాసియన్ బ్లర్ వేస్తే మచ్చలు మచ్చలుగా ఉన్న రంగు కలిసిపోతది. ఆ లాసో గదవ గీతను, ముక్కు అంచును, పెదవిని దాటొద్దు. దాటితే పక్క రంగు లోపలికి పారి ముఖం చుట్టూ మబ్బు పట్టినట్టు అయితది. ముఖం మొత్తాన్ని ఒకేసారి ఎంచుకుని బ్లర్ చేస్తే ముక్కు వాలు, దవడ ఎముక, బుగ్గ ఎత్తు అన్నీ చదునైపోతయి. రంధ్రాలు ఉంటయి, మనిషి ఉండడు.

ఇంతవరకు పనిముట్టు సంగతి. ఇప్పుడు మనోళ్ల ముఖాల సంగతి.

నల్లటి చర్మం ఉన్న ఫోటో స్టూడియోకి వస్తే ముందుగా జరిగే పని తెల్లగ చేయడం. ఎవరూ అడగకముందే చేస్తరు. దీని వెనుక ఒక వరుస ఉంది. కెమెరా మీటర్ తన ముందున్నదంతా మధ్యరకం బూడిద రంగు అనుకుని వెలుగు లెక్క కడతది. వెనకాల తెల్ల గోడ పెట్టి ఆటో మోడ్‌లో తీస్తే, అబ్బో వెలుగు ఎక్కువుంది అని తగ్గించేస్తది. మన ముఖం ఉన్నదానికంటే చీకటిగ పడతది. తర్వాత కంప్యూటర్‌లో కర్వ్స్‌తో లేపుతరు. లేపితే రంగు చచ్చి బూడిద కొట్టుకపోతది, నాయిస్ పైకి తేలుతది. ఆ నాయిస్ దాచడానికి స్మూత్ చేస్తరు. ఆఖరికి కస్టమర్‌తోటి "మీ స్కినే గట్ల" అంటరు. తప్పు చర్మానిది కాదు, వెలుగు కొలిచిన తీరుది. తీసేటప్పుడే స్పాట్ మీటరింగ్ పెట్టి ముఖం మీద కొలిస్తే, ముఖానికి ఒక పక్క నుంచి మెత్తటి వెలుగు ఇస్తే, ఈ రిపేరు పనిలో సగం ఉండనే ఉండదు.

ఇది మన దగ్గరే పుట్టిన జబ్బు కూడా కాదు. ఫిల్ము రోజుల్లో కొడాక్ కంపెనీ ప్రింటింగ్ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి కార్డులు పంపేది. వాటి మీద ఉండేది తెల్లజాతి మహిళ ఫోటో. వాటిని షర్లీ కార్డులు అనేటోళ్లు. ఆమె చర్మం బాగ వస్తే మిషన్ సరిగ్గ ఉన్నట్టు లెక్క. వేర్వేరు రంగుల మహిళలను కలిపి కార్డు చేసింది 1990లలో. మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అన్న పేరులోంచి ఫెయిర్ అన్న మాట పోయింది 2020లో. పేరు మారింది కానీ స్టూడియోల్లో కర్వ్స్ గీత మాత్రం పైకే పోతున్నది.

'లో' లేయర్ మీద పని చేసేటప్పుడు నల్లటి చర్మానికి ఇంకో జాగ్రత్త కావాలె. మన బుగ్గ ఎముక మీద, నుదుటి మీద పడే మెరుపే మన ముఖానికి ఆకారం ఇస్తది. చాలామంది దాన్ని జిడ్డు అనుకుని చదును చేస్తరు. మెరుపు మరీ తెల్లగ కాలిపోయి ఉంటే దాని పక్క రంగును తక్కువ ఒపాసిటీతో కొద్దిగా కలపండి, అంతేగానీ మొత్తం తుడవొద్దు. ముఖంలో వెలుగునీడలు సరిచేయాలంటే అసలు ఫ్రీక్వెన్సీ సెపరేషన్ కంటే డాడ్జ్ అండ్ బర్న్ మంచిది. రెండు కర్వ్స్ లేయర్లు, ఒకటి వెలుగుకు, ఒకటి నీడకు, మాస్క్ నలుపు చేసి, తెల్ల బ్రష్‌ను 3, 4 శాతం ఫ్లోతో మెల్లమెల్లగా. టైం పడతది, కానీ టెక్స్చర్‌ను ముట్టుకోదు.

పచ్చబొట్టు దగ్గరికి వస్తున్నం. మాలో ఒకరి అవ్వ పోయినప్పుడు దండ వేసే ఫోటో కోసం పట్నంలో ఒక స్టూడియోకి ఇచ్చినం. ఆమె సొంత ఫోటో ఒక్కటీ లేదు. పెండ్లి గ్రూపు ఫోటోలో మూడో వరుసల నిలబడ్డది, అదే ఇచ్చినం. వారం తర్వాత పెద్ద ఫ్రేమ్ వచ్చింది. రంగు గోధుమలాగ, చర్మం ముప్పై ఏండ్ల పిల్లలాగ. నొసటి మీద, గదవ మీద పచ్చబొట్టు చుక్కలు లేవు. "అన్నా, అవ్వ పచ్చబొట్టు ఏది?" అని అడిగితే, "మరకల్లెక్క కొడుతున్నది తమ్మీ, క్లీన్ చేసినం" అన్నడు. పైసలు ఎక్కువ తీసుకోలే, మనసులో చెడు కూడా లేదు. మంచి చేసిన అనే అనుకున్నడు. కానీ ఇంట్ల పెద్దమ్మ ఫ్రేమ్‌ను గోడకు ఆనించి చాలాసేపు చూసి, "ఈమె ఎవరు రా?" అన్నది.

మన పెద్దోళ్లు పచ్చబొట్టు గురించి ఏమంటరో మీకు తెలుసు. నగలు, బట్టలు ఇక్కడనే ఉంటయి, మనిషితోటి పోయేది అదొక్కటే అంటరు. దాన్ని మౌస్‌తోటి నాలుగు క్లిక్కుల్లో తీసేసిన్రు.

ఆ ఫోటోను మేమే మళ్లీ చేసినం. పాత ప్రింటును 600 డీపీఐలో స్కాన్ చేస్తే అవ్వ ముఖం మూడు వందల పిక్సెళ్లు వచ్చింది. రేడియస్ 2 పెట్టినం. ప్రింటు మీది గీతలు, దుమ్ము చుక్కలు 'హై'లో ఉన్నయి. పసుపెక్కిన రంగు, ఒక మూలకు తడి తగిలిన మరక 'లో'లో ఉన్నయి. చిక్కు ఏందంటే పచ్చబొట్టు చుక్క రెండింట్లో ఉంటది. అంచు 'హై'లో, పచ్చరంగు 'లో'లో. దుమ్ము చుక్క అనుకుని 'హై'లో తుడిస్తే కింద నీలం మసక మిగులుతది. 'లో'లో మరక అనుకుని కలిపేస్తే అంచు ఉంటది, రంగు పోతది. అందుకని పని మొదలు పెట్టకముందే ఇంట్ల వాళ్లను కూర్చోబెట్టి చుక్కలు లెక్కపెట్టించినం. నొసటి మీద ఎన్ని, గదవ మీద ఎన్ని, ఏ పక్క. వాళ్లు చెప్పిన చోట్ల సెలెక్షన్ గీసి సేవ్ చేసి, ఆ సెలెక్షన్‌ను తిరగేసి పని చేసినం, బ్రష్ అక్కడికి పోనే పోదు. ముడతలు ముట్టుకోలే. ముఖం పెద్దగ చేస్తే కొంచెం మసకగనే వచ్చింది. లేని రంధ్రాలు అతికించి కొత్త ముఖం చేసే బదులు మసకనే ఉంచినం. ఇప్పుడు ఆ ఫోటోనే గోడ మీద ఉన్నది.

గుస్సాడీ ఫోటోలది కూడా ఇదే సంగతి. దండారి రోజుల్లో తీసిన ఫోటోలకు ఫోన్‌లో బ్యూటీ మోడ్ పెడితే ఒంటి మీది బూడిద పోతది. మనిషి ఒంటికి పూసుకున్న బూడిద, నల్ల చర్మం మీద తెల్ల చుక్కలు, కంప్యూటర్ లెక్కలో అదంతా టెక్స్చరే, మచ్చే. మిషన్‌కు మొటిమకు, బూడిదకు తేడా తెల్వదు. మర్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు మన ఆట దేశమంతా చూసింది. ఆ వేషాన్ని సరిగ్గ చూపించే ఫోటో మనోడే చేయాలె. నెమలి ఈకల టోపీకి అసలు ఈ పద్ధతి వాడొద్దు, అక్కడ సన్న గీతలే అందం.

అదే మర్లవాయిలో 1940లలో ఉండి హైమెన్‌డార్ఫ్ దొర మన పెద్దల ఫోటోలు తీసిండు. అవి ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నయి. చాలా వరకు నలుపు తెలుపువే. ఎవరూ స్మూత్ చేయలే కాబట్టే ఇన్నేండ్లకు కూడా అవి మనకు పనికొస్తున్నయి. మనం ఈరోజు పంపే ఆల్బమ్ కూడా ఎనభై ఏండ్లకు ఎవరో ఒకరు చూస్తరు.

ఇక పని చేసేటోళ్ల కోసం మేము పాటించే పద్ధతి చెప్తం. వారం రోజుల్లో పోయేది తీసేయొచ్చు: మొటిమ, దోమ కాటు, దుమ్ము, చెదిరిన వెంట్రుక. ఎప్పటికీ ఉండేది అడగకుండా ముట్టొద్దు: పుట్టుమచ్చ, గాయం గుర్తు, ముడత, పచ్చబొట్టు. చర్మం రంగు మార్చమని మనిషే అడిగితే ముందు ఎక్స్‌పోజర్ సరిచేసి చూపించండి, చాలామంది అక్కడనే ఆగిపోతరు. పెండ్లిపిల్ల అడగకుండా ఆమె మేనత్త అడిగితే పెండ్లిపిల్లనే అడగండి. పాస్‌పోర్టు, పరీక్ష దరఖాస్తు ఫోటోలకు ఈ పద్ధతి అసలు వాడొద్దు, అందులో చర్మం రంగు ఉన్నది ఉన్నట్టు ఉండాలె. వ్యాపార ప్రకటనల్లో మోడల్ ఒంటి ఆకారం మార్చితే ఫోటో మీద ఆ మాట రాయాలని ఫ్రాన్స్‌లో 2017 నుంచి రూల్ ఉంది. నార్వేలో 2022 నుంచి చర్మం మార్చినా చెప్పాలె. మన దగ్గర అట్లాంటి రూల్ వచ్చేదాకా ఆగే పని లేదు.

పని అయినంక ఫోటోను 100 శాతంలో చూడండి, తర్వాత చిన్నగ చేసి చూడండి, తర్వాత ఒక పావుగంట బయట తిరిగొచ్చి మళ్లీ చూడండి. గ్రూపు ఆఫ్ చేసి ఆన్ చేస్తే "ఏం మారింది?" అని వెతుక్కునేటట్టు ఉండాలె. వీలైతే ఆ మనిషి ఇంటోళ్లకు చూపించండి, వాళ్లకంటే పెద్ద మానిటర్ లేదు.

డౌట్లు ఉంటే కింద రాయండి. ఇంట్ల పాత ఫోటోలు పాడైతున్నోళ్లు స్కాన్ చేసి పంపితే తీరిక దొరికినప్పుడు చేసి పెడతం. పంపేటప్పుడు ఆ మనిషి ముఖం మీద ఏది ఉండాలో రాసి పంపండి, మాకు అదే ముఖ్యం.

జై జంగో, జై లింగో.