సెకన్ల ముల్లు

డిసెంబరు 4, 2022. యైటింక్లయిన్ కాలనీ

బీరువా సర్దుతుంటే పట్టుచీరల అడుగున, గుడ్డమూటలో బాపు చేతివాచీ దొరికింది. డయలు మీద హెచ్‌ఎంటీ అక్షరాలు, 17 జ్యూయల్స్ అన్న మాట కనబడుతున్నాయి. మోడల్ పేరు ఉండాల్సిన చోట మరక. పట్టీ తగిలించే మూలల దగ్గర బంగారు పూత అరిగిపోయింది. చావి ఇస్తే కాసేపు కొట్టుకుని ఆగింది.

అవ్వ చూసి, "ముల్లిరిగిన వాచీ నీకెందుకురా, ఆడ పెట్టు" అంది.

1982లో పెండ్లప్పుడు అవ్వ వాళ్ల నాయిన, అంటే మా తాత, బాపుకు పెట్టిన వాచీ ఇది. బొగ్గు బాయిల నౌకరున్న పిల్లగాడంటే సైకిలు, రేడియో, వాచీ అడిగే కాలం. చుట్టాల చేతులకున్న వాచీల్లో సెకన్ల ముల్లు తిరుగుతోంది, దీనికి లేదు. ఇరిగిన వాచీ అగ్గువకు తెచ్చి అంటగట్టిండని పందిట్లోనే అన్నారట. తాత మారు మాట్లాడలేదట. నలభై ఏండ్లు ఆ మాట అవ్వ కడుపులోనే ఉంది. ఈ వాచీ పేరేందో తేల్చాలి.

డిసెంబరు 7

లక్ష్మీనగర్‌లో వాచీలు బాగుచేసే పెద్దమనిషికి చూపించాను. "జనతా ఇది. సెకన్ల ముల్లు ఊడింది, ఏరేది ఏస్తా తియ్" అన్నాడు. మా దిక్కు పాత హెచ్‌ఎంటీ ఏదైనా జనతానే. బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో హెచ్‌ఎంటీ వాచీలు మొదలైనప్పటి నుంచి ఎన్ని రకాలొచ్చినా, జనం నోట్లో నిలిచిన పేరు అదే.

ముల్లు వేయవద్దన్నాను. ఆయన దగ్గరున్న జనతా పక్కన పెట్టి చూస్తే బాపు వాచీ సన్నగా ఉంది. తయారుచేసిన వాళ్లను అడుగుదామంటే ఆ వాచీల కంపెనీ మూతకు 2016లోనే ఆమోదం వచ్చింది. పాత ప్రకటనలు వెతకాలి. కొత్త వాచీ ఎట్లుండేదో వాటిలో ఉంటుంది.

డిసెంబరు 14. హైదరాబాద్

రామగుండంలో భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నిన్ననే వచ్చాను. పొద్దంతా బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పాత పత్రికల బైండ్లు తిరగేశాను. సబ్బులు, టానిక్కులు, ట్రాన్సిస్టర్లు దాటుకుంటూ పోతే మధ్యాహ్నానికి హెచ్‌ఎంటీ ప్రకటన తగిలింది. వరసగా వాచీలు, ఒక్కోదాని కింద దాని పేరు. సన్నటి వాచీ ఒకటి, రెండే ముళ్లు. కింద పేరు: సోనా.

గుండె జల్లుమన్నా, వెంటనే నమ్మలేదు. వెంట్రుకంత ముల్లు అచ్చులో ఎగిరిపోయి ఉండొచ్చు. అదే పుటలోని జనతాను భూతద్దం పెట్టి చూశాను. దాని సెకన్ల ముల్లు సన్నగా, స్పష్టంగా అచ్చయింది. అంటే లోపం అచ్చుది కాదు. అయినా బొమ్మ బొమ్మే. వాచీ విప్పించి చూడాలి. జిరాక్స్ తీయించుకున్నాను.

డిసెంబరు 17

లక్ష్మీనగర్ పెద్దమనిషి కంటికి అద్దం బిగించి ముళ్లు తీశాడు. ఆయన చెప్పింది మరిచిపోకముందే రాసుకుంటున్నా. మూడు ముళ్ల వాచీలో గంటల గొట్టం, దాని లోపల నిమిషాల గొట్టం, దాని మధ్యలోంచి సూదిలాంటి సెకన్ల ఇరుసు పైకొస్తుంది. ముల్లు ఊడినా, ఇరుసు కొస మిగులుతుంది. ఇరుసే విరిగితే అది వచ్చే సందన్నా కనబడుతుంది. దీంట్లో కొస లేదు, సందు లేదు.

"తప్పు నాదే. దీనికి ముల్లు పెట్టనే లేదు. ఇది సోనానే" అన్నాడు. ఇంకోమాట కూడా చెప్పాడు: "ఇసొంటిది అడిగి కొంటరు బిడ్డా. అగ్గువకు దొరికేది గాదు."

మూత అంచున నల్లటి దుమ్ము ఉంది. బాపు దీన్ని బాయిలకు కట్టుకుపోయాడా? ఆరేసిన బట్టల మీద కూడా బొగ్గు వాలే ఊరు మాది, ఆ దుమ్మును బట్టి ఏమీ చెప్పలేను. తుడవవద్దని మాత్రం అన్నాను.

డిసెంబరు 23

సింగరేణి దినోత్సవం. 1920లో ఇదే రోజు కంపెనీ పుట్టింది. కాలనీలో మైకులు మోగుతున్నాయి. అవ్వను కూర్చోబెట్టి జిరాక్స్ చేతికిచ్చాను. సోనా బొమ్మ మీద వేలు పెట్టి చూపించాను. పక్కన వాచీ పెట్టాను, ఇప్పుడు నడుస్తోంది.

అవ్వ కాగితాన్నీ వాచీనీ మార్చి మార్చి చూసింది. "రెండే ముళ్లా?" అంది. రెండే అన్నాను. "తయారైన కాడినుంచేనా?" అవునన్నాను. కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నానమ్మ తరఫు వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకు చూపిద్దామా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. జిరాక్స్‌ను నాలుగు మడతలు పెట్టి, స్టూలెక్కి, గోడకున్న తాత ఫొటో ఫ్రేము వెనక దోపింది. దిగకుండా అక్కడే నిలబడి, మెల్లగా అంది:

"నాయినా, ముల్లు ఇరగలే."