ఒక్క వాక్యం

ఫ్రాన్సు వెళ్ళొచ్చానంటే చాలు, "ఈఫిల్ టవరెక్కావా?" అని అడుగుతారు అందరూ. లేదంటే జాలిపడతారు. ఏం చెయ్యను, 2023 జూన్‌లో నేను చూసొచ్చింది నార్మండీ. తోడు మావాడు. పారిస్‌లో చదువుకుంటున్నాడు, ఇరవై రెండేళ్ళు.

రైలెక్కకముందే మా ఇద్దరికీ మాటా మాటా వచ్చింది. చదువు మధ్యలో మానేస్తానని కాఫీ తాగుతూ నింపాదిగా చెప్పాడు. "నిన్ను కని నేనేం సుఖపడ్డానురా!" అనేశాను. మన తల్లులందరి నోటా అరిగిపోయిన మాటే కదండీ! వాడు మాత్రం రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో పచ్చికనీ, ఆవుల్నీ చూస్తూ కూర్చున్నాడు. నోరు విప్పితే ఒట్టు.

బయూ పాతకాలపు ఊరు. 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సైన్యాలు ఈ తీరాన దిగాయి. మర్నాడే ఈ ఊరికి విముక్తి దొరికింది. అంచేత చెక్కుచెదరలేదు. దగ్గర్లోని కాన్ పట్టణం అంత అదృష్టానికి నోచుకోలేదు. బాంబులకి చాలాభాగం నేలమట్టమైంది. ఆ వేసవిలో నార్మండీలో పోయిన మామూలు జనమే 20,000 దాకా ఉంటారంటారు. అందులో ఎక్కువమంది విడిపించడానికొచ్చినవాళ్ళ బాంబులకే పోయారు!

ముందు మ్యూజియంలో ప్రసిద్ధమైన ఆ కుట్టుపని చూశాం. దాదాపు 70 మీటర్ల పొడుగు నారబట్ట మీద, రంగు రంగుల ఉన్నిదారాలతో కుట్టిన కథ. ఇక్కడి ప్రభువు విలియం 1066లో ఇంగ్లండుని గెలుచుకున్న కథ. ఓడలు, గుర్రాలు, కత్తులు బోలెడు. పెద్ద బొమ్మల్లో ఆడవాళ్ళు మాత్రం ముగ్గురే! అందులో ఒకామె, సైనికులు ఇంటికి నిప్పు పెడుతుంటే పిల్లవాడి చెయ్యి పట్టుకుని బయటికొస్తోంది. నేనక్కడే ఆగిపోయాను. మావాడు ముందుకెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం బ్రిటిష్ సైనికుల శ్మశానానికి వెళ్ళాం. 4,600కి పైగా సమాధులు. వరసగా తెల్లరాళ్ళు, వాటి మొదట్లో పూలమొక్కలు. శత్రువులైన జర్మన్లు కూడా 400 మందికి పైగా అక్కడే ఉన్నారు. ఎదురుగా ఉన్న స్మారకం మీద లాటిన్లో రాసుంది. ఆనాడు విలియం చేతిలో ఓడిన మేమే ఈనాడు ఆయన పుట్టినగడ్డని విడిపించామని దాని అర్థం. చమత్కారానికి నవ్వుకున్నాను. రాళ్ళ మధ్యకొచ్చాక ఆ నవ్వు నిలవలేదు. పేరు, పటాలం, తేదీ, వయసు. 19. 21. 20. ఇంకోచోట 22.

రాతి అడుగున ఒక వాక్యం చెక్కించుకునే వీలు ఇంటివాళ్ళకి ఇచ్చారట. అక్షరాలు మాత్రం ఇన్నేనని లెక్క. కొందరు దేవుణ్ణి తలుచుకున్నారు. కొందరు ఇంట్లో పిలుచుకునే పేరు రాయించారు. కొన్నిటి మీద ఏమీ లేదు. నాలుగొందల పేజీల నవల అవలీలగా రాసిపారేస్తానని నాకు కాస్త గర్వం. నేనైతే ఏం రాయించేదాన్ని? ఎంత ఆలోచించినా, పొద్దున వాణ్ణి అన్న మాటే చెవిలో మోగింది. అక్షరాలు లెక్కపెడితే అది సరిగ్గా సరిపోయేట్టుంది కూడా.

సాయంత్రం బస్సెక్కి ఆరొమాంష్ చేరాం. ఆటుపోటుల్లో ఆటు సమయం. యుద్ధంలో ఇంగ్లండు నుంచి సముద్రం మీద లాక్కొచ్చి, ఇక్కడ కృత్రిమ రేవు కట్టిన సిమెంటు దిమ్మలు కొన్ని ఇంకా నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటికి ఇవతల పిల్లలు ఇసుకగూళ్ళు కడుతున్నారు.

ఆకలేసి హోటల్లో కూర్చున్నాం. ఇక్కడి కామంబేర్ జున్ను వాసన ముందు మన ఇంగువ దిగదుడుపే సుమండీ! తర్వాత మట్టిపాత్రలో తర్గూల్ అనే తీపివంటకం తెచ్చారు. బియ్యం, పాలు, పంచదార, దాల్చినచెక్క వేసి, సన్నని సెగన గంటల తరబడి ఉడికిస్తారు. పైన ఎర్రగా తరక కడుతుంది.

"అమ్మా, ఇది పరమాన్నమే!" అన్నాడు మావాడు. ఆ రోజుకి అదే మొదటి మాట.

చిన్నప్పుడు తరక కోసం చెల్లెలితో జుట్లు పట్టుకునేవాడు. ఇప్పుడు చెంచాతో తీసి నా వైపు పెట్టాడు. నేను మళ్ళీ వాడివైపే తోశాను.

"పొద్దున అలా అనకుండా ఉండాల్సిందిరా," అన్నాను.

"ఏమన్నావ్?" అన్నాడు, నోటినిండా తరకతో.

"ఏం లేదు, తిను. చదువు సంగతి మాత్రం మీ నాన్నకి నువ్వే చెప్పుకో!"