ఒకటి చూడ్డానికి... ఒకటి నడపడానికి!

హిరోషిమా అనగానే మనకు గుర్తొచ్చేది అణుబాంబు. పాతకార్లంటే పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం అదో పుణ్యక్షేత్రం! ఎన్నో కంపెనీలు ప్రయత్నించి వదిలేసిన రోటరీ ఇంజిన్‌ను పట్టుబట్టి నడిపించిన మాజ్డా పుట్టిల్లు అదే మరి.

హిరోషిమాలో లోకల్ రైలెక్కితే రెండో స్టేషన్ ముకైనద. దానికి దగ్గర్లోనే మాజ్డా ప్రధాన కార్యాలయం. మ్యూజియం ఫ్యాక్టరీ ఆవరణలో ఉంది కాబట్టి ముందుగా బుక్ చేసుకున్నవాళ్లను అక్కణ్నుంచి బస్సులో తీసుకెళ్తారు. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు హిజియమ కొండ అడ్డుగా ఉండటంతో ఈ ఫ్యాక్టరీ చాలావరకు నిలిచింది. ఆ డిసెంబరుకల్లా మూడు చక్రాల ట్రక్కుల తయారీ మళ్లీ మొదలైంది. ఆ మొండిపట్టే రోటరీ విషయంలోనూ కనిపిస్తుంది.

మామూలు ఇంజిన్లో పిస్టన్లు పైకీ కిందికీ కదులుతాయి. రోటరీలో మూడు మూలల రోటర్ గిర్రున తిరుగుతుంది. చిక్కంతా ఆ మూలల్లోనే. అక్కడి సీళ్లు లోపలి గోడను గీకేసేవి. ఇంజినీర్లు వాటికి పెట్టిన పేరు 'దెయ్యం గోళ్ల గీతలు'! కెనిచి యమమొటో నాయకత్వంలో 47 మంది ఏళ్ల తరబడి శ్రమించి, కార్బన్, అల్యూమినియం కలిపిన సీలుతో ఆ దెయ్యాన్ని వదిలించారు.

అలా 1967 మేలో వచ్చింది కాస్మో స్పోర్ట్. 982 సీసీ, రెండు రోటర్లు, 110 హార్స్‌పవర్. 1972 వరకు తయారైనవి 1,176 మాత్రమే. 1973లో చమురు సంక్షోభం రావడంతో పెట్రోలు ఎక్కువగా తాగే రోటరీ పని అయిపోయిందనుకున్నారంతా. అప్పుడు ఆదుకున్నది 1978లో వచ్చిన ఆర్ఎక్స్-7. వాలు ముక్కు, అవసరమైనప్పుడు పైకి లేచే హెడ్‌లైట్లు, అందుబాటు ధర... తొలితరం కార్లే 4.7 లక్షలకు పైగా తయారయ్యాయి.

మరి సేకరించేవాళ్లు దేన్ని ఎంచుకోవాలి? అరుదైనది కావాలంటే కాస్మోనే. వేలంలో లక్ష డాలర్లు దాటిన సందర్భాలున్నాయి. కానీ ఓ చిన్న భాగం పోయినా దొరకడం కష్టం. ఆర్ఎక్స్-7కి ఆ బెంగ తక్కువ. ఏది కొన్నా ముందుగా రోటరీకి ప్రత్యేకించిన పరికరంతో కంప్రెషన్ పరీక్ష చేయించాలి. తుప్పు చూసుకోవాలి. రోటరీ కొద్దికొద్దిగా ఆయిల్‌ను మండించుకోవడం మామూలే కాబట్టి, దాని మట్టం తరచూ గమనించాలి. అన్నిటికన్నా ముఖ్యం... నెలల తరబడి కదపకుండా ఉంచితే సీళ్లు పట్టేసే ప్రమాదం ఉంది.

2012లో ఆర్ఎక్స్-8తో ఆగిపోయిన మాజ్డా రోటరీ, 2023లో ఎంఎక్స్-30లో బ్యాటరీకి కరెంటు అందించే జనరేటర్‌గా తిరిగొచ్చింది. తిరగడమే దాని ప్రాణం. అందుకే కాస్మోను మ్యూజియంలో కళ్లారా చూడండి. ఇంటికి తెచ్చుకుని ఆదివారం పూట నడుపుకోవాలంటే మాత్రం ఆర్ఎక్స్-7కే ఓటు!