మేము విరగ్గొట్టిన రాడ్డు

మేము ముగ్గురం ఈ హాస్టల్ పూర్వ విద్యార్థులం. ఒకే గదిలో ఉండి చదువుకుని, ఐ.టి.ఐ. పూర్తిచేసి, నేడు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు నడుపుకుంటున్నాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. గొప్పలు రాయడం కన్నా మేము చేసిన ఒక తప్పు రాస్తే మీకు పనికొస్తుందనిపించింది.

ఒకాయన తన పాత మారుతి జిప్సీని మట్టి ట్రాక్ పందేలకు తయారు చేయమని తెచ్చారు. 1298 సి.సి. పెట్రోలు ఇంజన్. టర్బో లేదు, గాలిని తానే పీల్చుకునే రకం. అలాంటి ఇంజన్‌కు శక్తి పెరగాలంటే ఇంకా వేగంగా తిరగాలి. అందుకని క్యామ్ షాఫ్ట్ మార్చాం, హెడ్ పని చేశాం, 7500 ఆర్.పి.ఎం. వరకు తిరిగేలా చేశాం. కనెక్టింగ్ రాడ్లు, వాటి బోల్టులు మాత్రం పాతవే ఉంచాం. "టర్బో లేదు కదా, రాడ్డుకేం భయం?" అనుకున్నాం.

ట్రయల్ రోజున పెద్ద చప్పుడు. రాడ్డు బ్లాకును పగలగొట్టుకుని బయటికొచ్చింది. విప్పి చూస్తే బోల్టు తెగి ఉంది.

ముందు వేయవలసిన లెక్క అప్పుడు వేశాం. ఈ ఇంజన్ స్ట్రోకు 75.5 మి.మీ. పిస్టన్ సగటు వేగం 6000 వద్ద సెకనుకు 15.1 మీటర్లు, 7500 వద్ద దాదాపు 18.9. వేగం పెరిగింది పావు వంతే. కానీ రాడ్డును లాగే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే 1.56 రెట్లయింది. మంట రాడ్డును నొక్కుతుంది, దాన్ని ఉక్కు ఓర్చుకుంటుంది. పొగ పోయే స్ట్రోకు చివర వాల్వు తెరిచే ఉంటుంది. పైకి దూసుకెళ్ళే పిస్టన్‌ను రాడ్డొక్కటే ఆపి వెనక్కి లాగాలి. ఆ భారం చివరికి పడేది రెండు బోల్టుల మీద.

తప్పు మాదేనని ఆయనకు చెప్పాం. వేరే బ్లాకు మా డబ్బుతోనే తెస్తామన్నాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, మళ్ళీ మీరే చేయండి" అన్నారు.

ఈసారి 4340 ఉక్కుతో ఫోర్జింగ్ చేసిన రాడ్లు తెప్పించాం. నాలుగింటినీ కంసాలి కాటా మీద తూచి, పెద్ద తల, చిన్న తల బరువులు విడివిడిగా సరిచూశాం. కొత్త బోల్టులు బిగించాక పెద్ద తల గుండ్రంగా ఉందో లేదో కొలిచాం. టార్క్ రెంచిని మాత్రమే నమ్మకుండా బోల్టు ఎంత సాగిందో మైక్రోమీటరుతో చూశాం.

"ఈ రాడ్లతో పికప్ ఎంత పెరుగుతుంది బాబూ?" అని ఆయన అడిగారు.

"ఏమీ పెరగదండీ. విరగదు, అంతే" అన్నాం.

తమ్ముళ్ళూ, ఆ మాట అన్నాక మాకు ఈ హాస్టలే గుర్తొచ్చింది. తెల్లవారుజామున లేపిన వార్డెన్ గారు, ఆలస్యంగా వచ్చినా అన్నం దాచిపెట్టిన వంటమనిషి మా మార్కుల జాబితాలో ఎక్కడా కనబడరు. కానీ వాళ్ళు పట్టుకోకపోతే మేము ఎప్పుడో తెగిపోయేవాళ్ళం.