మన కొండలకు చుట్టాలొచ్చే కాలం



నవంబరు వచ్చిందంటే మా ఫోన్లు ఆగవు. "మీది అరకే కదా, రూములు దొరుకుతాయా?", "వంజంగిలో మేఘాలు ఏ టైముకి కనిపిస్తాయి?", "బొంగు చికెన్ ఎక్కడ బాగుంటుంది?" వైజాగ్ హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మమ్మల్ని మిగతా ఏడాదంతా పెద్దగా ఎవరూ పలకరించరు. చలికాలం వస్తే మాత్రం మేమే గైడులం. సంతోషమే, మన ఊరు చూస్తామని అడిగితే ఎవరికి గర్వంగా ఉండదు? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసేస్తున్నాం. మీ ఫ్రెండ్స్‌కి పంపండి. మధ్యలో మనలో మనం మాట్లాడుకోవాల్సినవీ ఉన్నాయి. వాళ్ళు చదివినా నష్టం లేదు.

ముందుగా, వచ్చేవాళ్ళని రైలు ఎక్కమనండి. విశాఖ నుంచి పొద్దున్నే బయలుదేరే కిరండూల్ రైలు శృంగవరపుకోట దాటాక కొండ ఎక్కడం మొదలెడుతుంది. యాభైకి పైగా సొరంగాలు. ఒక్కోటి దాటి బయటికి రాగానే ఒక్కో లోయ. అద్దాల పెట్టెలో సీటు దొరికితే మంచిదే గానీ, మామూలు పెట్టెలో మన అమ్మలతో, తట్టలతో కలిసి వస్తే ఊరు రాకముందే ఊరు తెలుస్తుంది. ఈ లైను 1960ల్లో మనకోసం వేసింది కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించడానికి వేసింది. దారిలో శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ తలుపు దగ్గర నిలబడితే చెవులు గడ్డకడతాయి.

బొర్రా గుహలు ఎలాగూ అందరూ చూస్తారు. సున్నపురాయి మీద నీటిబొట్లు లక్షల ఏళ్ళు కారి కట్టిన స్తంభాలు, లోపల గోస్తనీ నీళ్ళ చప్పుడు. ఎవరో తెల్లదొర వీటిని కనుగొన్నాడని చాలాచోట్ల రాస్తారు. మన పెద్దోళ్ళు చెప్పే కథలో ఒక ఆవు మేస్తూ మేస్తూ పైనున్న కన్నంలోంచి లోపల పడిపోయింది, దాన్ని వెతుక్కుంటూ వెళ్ళిన కాపరి లోపల శివలింగంలాంటి రాయిని చూశాడు. మా లెక్కలో గుహల్ని కనుగొన్నది ఆ ఆవే.

ఆ గుహల చుట్టుపక్కల ఊళ్ళ పేరు మీదే దేశమంతా చదివే ఒక తీర్పు ఉందని మనలోనే చాలామందికి తెలియదు. అనంతగిరి మండలంలో బొర్రా పంచాయతీ ప్రాంతపు గనుల్ని ప్రైవేటు కంపెనీలకి లీజుకిచ్చారు. దాని మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. ఈరోజు టూరిస్టులు ఫోటోలు తీసుకునే ఆ పచ్చని కొండల వెనక ఇంత పోరాటం ఉంది. చుట్టాలకి గుహ చూపించేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పండి. ఇంజినీరింగ్ చదివే మా క్లాస్‌మేట్లు విని కాసేపు మాట్లాడలేదు.

కటిక జలపాతానికి బొర్రా నుంచి జీపులో వెళ్ళి చివర్లో నడవాలి. డుంబ్రిగూడ దగ్గర చాపరాయి చూడ్డానికి ఆటస్థలంలా ఉంటుంది, రాతిమీద పలచగా నీళ్ళు జారుతుంటాయి. ఆ నాచు మీద కాలు జారితే ఎంత ఈతగాడికైనా పట్టు దొరకదు. ఊళ్ళోవాళ్ళు వద్దన్నచోట దిగొద్దని గట్టిగా చెప్పండి, మొహమాటపడకండి.

థింసా గురించి ఒక మాట. మోరి, తుడుము మోగితే మనకి కాళ్ళు ఆగవు, నిజమే. చేతులు వెనక కలిపి వరసగా అడుగేస్తే ఊరంతా ఒక్క మనిషే. పోయిన డిసెంబర్లో ఒక బృందం వరి కోతల్లో ఉన్న మా ఆడవాళ్ళని పిలిచి, "ఒక్క రీల్ కోసం ఐదు నిమిషాలు ఆడండి" అంది. మా పిన్ని కొడవలి అందించి, "ముందు మీరు ఐదు నిమిషాలు కోయండి" అంది. ఇద్దరు నిజంగానే కోశారు. తర్వాత వాళ్ళే మా ఇంట్లో అంబలి తాగి వెళ్ళారు. అలాంటోళ్ళు ఎంతమంది వచ్చినా మంచిదే.

పాడేరు దగ్గర వంజంగి కొండకి తెల్లారకముందే ఎక్కాలి. టార్చి, స్వెట్టరు, నీళ్ళు ఉండాలి. పైనుంచి చూస్తే లోయంతా పాలు పొంగినట్టు మేఘం, దాని మీద ఎర్రగా సూర్యుడు. ఎన్నిసార్లు చూసినా మాకు విసుగు రాలేదు. వాళ్ళు దీన్ని ట్రెక్కింగ్ అంటారు. మన ఏజెన్సీలో ఇదే ఎత్తుని నిండు గర్భిణిని డోలీలో మోసుకుంటూ దిగే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. కొండ అందంగా ఉంటుంది, రోడ్డు లేని కొండ కూడా అందంగానే ఉంటుంది, అదే బాధ. ఆ దారులు బాగుపడాలని అడిగేటప్పుడు మనం కూడా వంజంగి ఫోటోల్లాగే అందరికీ కనిపించేలా అడగాలి.

ఇక డబ్బు సంగతి. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అయినా మన పేర్ల మీద కాగితం, వేరేవాళ్ళ చేతిలో గల్లాపెట్టె ఉన్న రిసార్టులు లేవని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలమా? అందులో గదులు తుడిచేది మన అక్కలు. మాకు దీనిమీద కోపమే ఉంది. అందుకే చుట్టాలకి మనోళ్ళ ఇళ్ళలో బస, మనోళ్ళ జీపు, మనోళ్ళ బొంగు చికెన్ చూపించండి. అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది. గింజలు ఎర్రబడే ఈ నెలల్లో తోటలోకి తీసుకెళ్ళి, సిల్వర్ ఓక్ నీడలో మిరియం తీగల మధ్య ఒక్క పూట పండు కోయించండి. సాయంత్రానికి బుట్ట ఎంత నిండిందో చూసుకుంటే నగరంలో కప్పు కాఫీ ధర గురించి వాళ్ళే మాట్లాడతారు.

వలిసె పూలు కూడా ఇప్పుడే. పసుపు చేలో దిగి తొక్కితే అది ఒకరి నూనె గింజల పంట అని గుర్తుచేయండి, గట్టు మీంచి తీసుకున్నా ఫోటో బాగానే వస్తుంది. లంబసింగిలో చలిమంట వేసుకున్నాక ప్లాస్టిక్ గ్లాసులు మంటలో వేయనివ్వకండి.

ఈ పోస్టు కింద మీ ఊరి పేరు, దగ్గర్లో ఉన్న జలపాతమో కొండో, దారి చూపగల కుర్రాళ్ళు ఎంతమంది ఉన్నారో రాయండి. బస ఇవ్వగల ఇళ్ళుంటే అవీ రాయండి, పెద్దోళ్ళని అడిగాకే. ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టొద్దు, అడ్మిన్లకి పంపండి. మండలాలవారీగా మేం ఒక పట్టిక చేస్తాం. వంజంగికి మాత్రం తెల్లవారుజామున మూడింటికి లేవగలవాళ్ళే పేరివ్వండి. మా హాస్టల్ నుంచి ఇంతవరకు ఒక్కడే ముందుకొచ్చాడు.